కోవిడ్ రోజుల్లో అమ్మకు ఆపరేషన్: సర్జన్ మేడంకి ఐదుకి ఐదు, ఆస్పత్రికి మూడు

హైదరాబాద్‌లో మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేయించిన ఆస్పత్రి గురించి తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. ఎలా చూశారు, ఎంతయింది, డాక్టరు మంచావిడేనా అని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాస్తే నయమనిపించింది. మంచితోపాటు చెడు కూడా రాస్తున్నాను కాబట్టి ఆస్పత్రి పేరు పెట్టడం లేదు. ఆ సర్జన్ మాతో ఎలా మాట్లాడారో మాత్రం వివరంగా చెబుతాను. మీరు ఏ ఊళ్లో ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా అలా మాట్లాడమని అడగొచ్చు.

అది 2020 జూన్. అమ్మ ఉండేది నందిగామలో, అప్పటికి 62 ఏళ్లు. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గట్టిగా ఒక గడ్డ చేతికి తగిలింది. విజయవాడలో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాం. క్యాన్సరేనని తేలింది. గడ్డ 1.8 సెంటీమీటర్లు, చంకలో గ్రంథులు స్కానింగ్‌లో మామూలుగానే ఉన్నాయి, హార్మోన్ రిసెప్టర్లు పాజిటివ్, అంటే హార్మోన్ మీద ఆధారపడి పెరిగే రకం; హెర్-2 (ఎక్కువైతే క్యాన్సర్‌ను వేగంగా పెంచే ప్రోటీన్) నెగెటివ్.

అక్కడే ఒక డాక్టరు రిపోర్టు చూసి నిమిషంలో తేల్చేశారు. మొత్తం తీసేయాలి, ఎల్లుండి అడ్మిట్ అవ్వండి, ప్యాకేజీ సంగతి కౌంటర్లో కనుక్కోండి అన్నారు. కొన్నాళ్లు ఆగితే ఏమవుతుందని మా పెద్దమామయ్య అడిగితే, "మీ ఇష్టం, తర్వాత నన్ను అనొద్దు" అన్నారు. ఈ కోవిడ్‌లో ఆపరేషన్ అంటే భయంగా ఉందంటే, మాస్కు పెట్టుకోమన్నారు. మాటంతా మామయ్యతోనే నడిచింది. అమ్మ పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. గడ్డ ఎవరి ఒంట్లో ఉందో ఆ మనిషి వైపు ఆయన తిరగనే లేదు.

అప్పుడు నా ఆఫీసులో ఒకావిడ ఈ సర్జన్ మేడం గురించి చెప్పింది. నేనుండేది కూకట్‌పల్లిలో. అమ్మను హైదరాబాద్ తీసుకురావడం ఒక ఎత్తు, తిరిగి పంపడం ఇంకో ఎత్తు. అప్పట్లో ఆంధ్రలోకి రావాలంటే ప్రభుత్వ స్పందన పోర్టల్లో ఈ-పాస్ తీసుకోవాలి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో చూపించాలి. బస్సులు లేవు. ఆ మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి డాక్టర్లు వీడియోలో చూడటానికి అడ్డు లేదు. ఏడు వందలు కట్టి వీడియో అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. నందిగామ నుంచి అమ్మ, నాన్న, విజయవాడ నుంచి మామయ్య, ఇక్కణ్నుంచి నేను.

మేడం మొదట చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "చేత్తో పరీక్ష చేయకుండా చివరి మాట చెప్పనమ్మా. కానీ రిపోర్టులు చూసి ఇవాళ చెప్పగలిగింది మొత్తం చెబుతాను." తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు నిలువు గీతలు గీశారు. పైన తెలుగులోనే రాశారు: ఇప్పుడే గడ్డ తీసి తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టడం, రొమ్ము మొత్తం తీసేయడం, కొన్ని నెలలు మాత్రలు వేసి ఆ తర్వాత గడ్డ తీయడం. ఒక్కోదాని కింద ఆస్పత్రికి ఎన్నిసార్లు రావాలి, లోపల ఎన్ని రోజులుండాలి, దేనికి భయపడాలి, అనుకున్నట్టు జరగకపోతే తర్వాత ఏం చేస్తాం అని నాలుగు వరసలు. రాస్తూ ఒక్కొక్కటీ చదివి వినిపించారు. కాల్ అయిపోయాక దాన్నే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. అమ్మ ఏడో తరగతి చదివింది. ఆ కాగితాన్ని తనే చదువుకుంది, ఎవరూ విడమర్చాల్సిన పని పడలేదు.

ఆ కాగితంలో ఏముందో కాస్త వివరంగానే రాస్తాను, చాలామందికి ఇవే సందేహాలుంటాయి కాబట్టి. గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా ఆయుష్షులో తేడా లేదని మేడం చెప్పారు. ఇటలీలో, అమెరికాలో ఇరవై ఏళ్లపాటు ఆడవాళ్లను గమనించి 2002లో ప్రచురించిన ఫలితాలవి. రొమ్ము ఉంచుకుంటే అదే చోట మళ్లీ వచ్చే అవకాశం కాస్త ఉంటుంది, అందుకే కరెంటు తప్పదు. మొత్తం తీసేస్తే, చంక గ్రంథుల్లో క్యాన్సర్ లేకపోతే కరెంటు అక్కర్లేకపోవచ్చు. కోవిడ్ వల్ల ఈ తేడా పెద్దదైపోయింది. మామూలుగా కరెంటు మూడు వారాలు, 15 సిట్టింగులు. అన్నిసార్లు ఆస్పత్రి గడప తొక్కాలి. అయితే బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా పేషెంట్ల మీద చేసిన పరిశోధన ఆ ఏప్రిల్‌లోనే వచ్చింది, ఒక్క వారంలో 5 సిట్టింగులతో ముగించినా ఫలితం తగ్గలేదని. అప్పటికి ఐదేళ్ల ఫలితాలే ఉన్నాయి, అంతకు మించి చెప్పలేమని కూడా మేడం అన్నారు. అది దాచి ఉంటే మాకు తెలిసేది కాదు.

మూడో దారి మాత్రలది. పేరు లెట్రోజోల్, రోజుకొకటి, 2.5 మిల్లీగ్రాములు. నెలసరి ఆగిపోయినవాళ్లలో, హార్మోన్ మీద ఆధారపడి పెరిగే గడ్డలకు ఇది పనిచేస్తుంది. చాలామందిలో గడ్డ పెరగకుండా ఆపుతుంది, చిన్నది కూడా చేస్తుంది.

అక్కడ నేను అడిగాను. "మేడం, ఆగమనేది అమ్మ జబ్బుకు మంచిదనా, లేక కోవిడ్ వల్ల ఆస్పత్రిలో వీలుకాకనా?" ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఆపరేషన్లు వాయిదా పడుతున్నాయి, గాంధీ ఆస్పత్రిని మొత్తం కోవిడ్‌కే కేటాయించారు. మమ్మల్నీ అలాగే తోసేస్తున్నారేమోనని లోపల టెన్షన్.

మేడం తడుముకోలేదు. "కోవిడ్ లేకపోతే వచ్చే వారమే ఆపరేషన్ చేసేదాన్ని. కోవిడ్ వల్లే ఈ మాట వస్తోంది. కానీ అమ్మగారి గడ్డ హార్మోన్ రకం కాకుండా వేరే రకమైతే, కోవిడ్ ఉన్నా సరే ఆగమనేదాన్ని కాదు" అన్నారు. అప్పుడే విదేశాల నుంచి వచ్చిన ఒక లెక్క కూడా చెప్పారు. 24 దేశాల్లో, ఆపరేషన్‌కు కాస్త ముందో తర్వాతో కోవిడ్ సోకిన 1,128 మందిని చూస్తే నెల లోపల 23.8 శాతం మంది చనిపోయారని మే నెలాఖర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మామయ్య అది వినగానే, "అంటే నలుగురిలో ఒకరా!" అన్నారు. మేడం వెంటనే ఆపారు. "ఆపరేషన్ చేయించుకున్న అందరిలో కాదండీ. కోవిడ్ సోకినవాళ్లలో. అందులో ఎమర్జెన్సీగా వచ్చినవాళ్లే ఎక్కువ. అమ్మగారికి సోకకుండా చూడటం మన చేతుల్లో కొంత ఉంది. కానీ సున్నా అని నేను చెప్పలేను." అదే అంకెను సగం చెప్పి భయపెట్టొచ్చు, అసలు చెప్పకుండా ధైర్యమూ ఇవ్వొచ్చు. ఆవిడ రెండూ చేయలేదు. ఐదుకి ఐదు ఇవ్వడానికి నాకు ఇదొక్కటే చాలు.

తర్వాత మామయ్య తన అభిప్రాయం చెప్పారు. "ఈ వయసులో అదుంటే ఎంత, లేకపోతే ఎంత. తీసేయించుకుంటే పీడా పోతుంది, ఒక్కసారితో అయిపోతుంది." ఆయనకు చెల్లెలంటే ప్రాణం, ఆ మాట ప్రేమతోనే అన్నారు. నాన్న ఏమీ మాట్లాడలేదు. నేనూ రెండు ముక్కలు ఏవో అన్నాను. అంతా విని మేడం అన్నారు: "అమ్మా, ఇంతసేపూ మీ అన్నయ్యగారు మాట్లాడారు, మీ అమ్మాయి మాట్లాడింది. మీకేం కావాలో నాకింకా తెలియలేదు."

అమ్మ కాసేపటికి గొంతు సవరించుకుంది. "మీ అమ్మకైతే ఏం చేస్తావు తల్లీ?" అంది. మనవాళ్లందరూ డాక్టర్ని అడిగే ప్రశ్నే అది. మేడం నవ్వి, "మా అమ్మ వేరమ్మా, ఆవిడ ఆస్పత్రిలో ఒక పూట కూడా ఉండలేదు. ముందు మీ సంగతి చెప్పండి, విన్నాక నా మాట చెబుతాను" అన్నారు.

అప్పుడు అమ్మ చెప్పింది. "అన్నయ్యా, నా ఒంటి సంగతి నన్ను చెప్పనీ. నాకు రొమ్ము ఉంచుకోవాలని ఉంది. వయసుదేముంది, రోజూ నా ఒళ్లు చూసుకునేది నేనే కదా." ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో మా నాయనమ్మకు 86 ఏళ్లు, ఆవిడకు అన్నం పెట్టేది, స్నానం చేయించేది అమ్మే. ఆస్పత్రి నుంచి జబ్బు తెచ్చి అత్తగారికి అంటిస్తే తట్టుకోలేనంది. చివరగా, "ఆగడానికి అభ్యంతరం లేదు. కానీ లోపల పెరుగుతుందో ఏమోనని రోజూ చస్తూ కూర్చోలేను. తెలుసుకునే దారి ఉండాలి" అంది.

ఈ మూడూ ఆ విజయవాడ డాక్టరుకు తెలియవు, అడగలేదు కాబట్టి. నిజానికి రొమ్ము సంగతి మాకూ ఆ రోజే తెలిసింది.

అమ్మ మాటలు విన్నాక మేడం తన అభిప్రాయం సూటిగా చెప్పారు: మూడో దారి, అంటే మాత్రలు మొదలుపెట్టి మూడు నాలుగు నెలల తర్వాత గడ్డ తీసి, ఆపైన ఐదు సిట్టింగుల కరెంటు. "మీరు రొమ్ము వద్దనుకుని ఉంటే రెండోదే చెప్పేదాన్ని" అని కూడా అన్నారు. ఇక్కడ నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. పేషెంట్‌కి నిర్ణయంలో భాగం ఇవ్వడమంటే నాలుగు దారులు చెప్పి "మీ ఇష్టం" అని చేతులు దులుపుకోవడం కాదు. విజయవాడ డాక్టరు కూడా "మీ ఇష్టం" అనే అన్నారు. అడిగి, విని, ఆ తర్వాత పదేళ్లు చదివిన చదువును పెట్టి ఒక మాట చెప్పాలి. అది కాదనే వీలు కూడా మనకు ఇవ్వాలి. మేడం చివర్లో, "రెండు రోజులు ఆలోచించుకోండి, మనసు మారితే మొహమాటపడొద్దు" అన్నారు. ఆ వారాంతంలో అమ్మను కారులో తీసుకొచ్చి చేత్తో పరీక్ష చేయించాం. మాట మారలేదు. మాత్రలు మొదలయ్యాయి.

భయపడుతూ కూర్చోలేనన్న అమ్మ మాటకు మేడం చూపిన దారి ఇది. నెలకోసారి ఒకే స్కానింగ్ సెంటర్లో, వీలైతే ఒకే డాక్టరుతో అల్ట్రాసౌండ్, రిపోర్టు వాట్సాప్‌లో. ఏ నెలైనా గడ్డ పెరిగితే ఇక ఆగం, కోవిడ్ ఎలా ఉన్నా ఆపరేషనే. ఆ షరతును కూడా కాగితం మీద రాసిచ్చారు. గడ్డ 1.8 నుంచి సెప్టెంబరుకు 1.3కి వచ్చింది. ఆగస్టులో కేసులు విపరీతంగా పెరిగినప్పుడు కూడా అమ్మ నిద్రపోగలిగిందంటే ఆ కాగితం వల్లే. మోకాళ్ల నొప్పులు, పొద్దున్నే వేళ్లు పట్టేయడం మాత్రం మొదలయ్యాయి. ఆ మందుతో అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు. ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం రాశారు.

అక్టోబరుకు ఆపరేషన్ అనుకున్నాక మేడం అడిగిన ప్రశ్నలు చూడండి. ఇంట్లోకి ఎవరెవరు వస్తారు? పాలు ఎవరు పోస్తారు? పెద్దావిడకు ఆ రెండు వారాలు ఎవరు వడ్డిస్తారు? అమ్మ రెండు వారాలు ముందే మా ఇంటికి వచ్చేసింది, మేం ఎవరినీ గడప దాటి రానివ్వలేదు. నాయనమ్మను మా అత్త తీసుకెళ్లింది. ఆపరేషన్‌కు ముందు ఆర్టీపీసీఆర్ చేయించాం.

ఇక మూడు మార్కులకు దిగిన ఆస్పత్రి సంగతి.

అడ్మిషన్ సాయంత్రం జరిగింది. కోవిడ్ నిబంధనల పేరుతో తోడుగా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. అది అర్థం చేసుకోగలం. కానీ రాత్రి తొమ్మిది దాటాక ఒక స్టాఫ్ వచ్చి అమ్మ చేతికి ఇంగ్లీషు ఫారాలు ఇచ్చి సంతకం పెట్టమంది. ఒకటి, కోవిడ్ సోకితే ఆస్పత్రికి బాధ్యత లేదని. రెండోది ఆపరేషన్ ఫారం. అందులో గడ్డ తీయడం, రొమ్ము మొత్తం తీయడం రెండూ పక్కపక్కనే అచ్చేసి ఉన్నాయి, దేనికీ టిక్కు లేదు. అమ్మ నాకు వీడియో కాల్ చేసి ఫారం చూపించింది. నేను చదివి చెప్పాను. "మేడంతో మాట్లాడితేగానీ పెట్టను" అని అమ్మ ఫారాలు పక్కన పెట్టేసింది. ఆ స్టాఫ్ నాకే ఫోన్ చేసి, కూతురిగా మీరు సంతకం పెడితే సరిపోతుంది, కిందికి రండి అంది. ఇది చాలాచోట్ల జరిగేదే. కానీ తప్పు. మత్తులో ఉన్న పేషెంట్ తరఫున కన్నతల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని 2008లోనే సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. పరీక్ష కోసం ఒప్పుకున్నావిడకు గర్భసంచి తీసేసిన కేసు అది. మా అమ్మ మత్తులో కూడా లేదు, మంచం మీద లేచి కూర్చుని మాట్లాడుతోంది.

పొద్దున ఏడింటికి మేడం వార్డుకు వచ్చారు. అమ్మ ఫారం చూపించగానే పెన్ను తీసి "మాస్టెక్టమీ" (రొమ్ము మొత్తం తీయడం) అన్నదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన తన సంతకం, అమ్మ సంతకం పెట్టించారట. "తీసిన ముక్క అంచుల్లో ఇంకా క్యాన్సర్ ఉందని రిపోర్టు వస్తే మళ్లీ మాట్లాడుకుందాం. మీకు చెప్పకుండా మొత్తం తీయను" అన్నారని ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం రాలేదు. అంచులు క్లియర్‌గా వచ్చాయి, గ్రంథుల్లో ఏమీ లేదు. కానీ ఆ ఫారాలు తెలుగులో ఉండాలి, పగటిపూట ఇవ్వాలి, ఏ ఆపరేషనో ముందే రాసి ఉండాలి. మేడం పొద్దున రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, జవాబు లేదు.

బిల్లు కూడా అంతే. పీపీఈ కిట్లు, గ్లౌజులు, శానిటైజేషన్ అంటూ విడివిడిగా వేశారు. నా కంపెనీ ఇన్సూరెన్స్‌లో అవి కవర్ కావని ఆ మొత్తం మా చేత కట్టించారు. ముందురోజు అంచనా కాగితంలో ఆ లైనే లేదు. రిసెప్షన్, వార్డు శుభ్రంగా ఉన్నాయి, నర్సులు మంచివాళ్లు. తిండి ఉప్పూ కారం లేకుండా ఉందని అమ్మ అంది.

కరెంటు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజుల్లో అయిపోయింది. రేడియేషన్ డాక్టరుగారు కూడా ఇది కొత్త పద్ధతని, పాతదే కావాలంటే మూడు వారాలు ఇస్తామని మళ్లీ చెప్పి, అమ్మ చేతే అవుననిపించుకున్నారు. ఆ విభాగానికీ ఐదు.

2021లో మా పిన్ని గాల్‌బ్లాడర్ రాళ్లకు ఇదే ఆస్పత్రికి, వేరే సర్జన్ దగ్గరికి వెళ్లింది. ఆవిడకు అప్పుడే కోవిడ్ తగ్గింది. కోవిడ్ వచ్చిన ఏడు వారాల దాకా వీలైతే ఆపరేషన్ వద్దని ఆ మార్చిలో లక్షా నలభై వేల మంది పేషెంట్ల లెక్కతో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పిందట. ఆయన కారణం చెప్పి ఆగమన్నారు. నొప్పి ఎక్కువైనా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆగకుండా రమ్మన్నారు. బాగానే చెప్పారు. కానీ కాగితం మీద ఏమీ రాసివ్వలేదు. పిన్ని ఇంటికొచ్చాక ఏడు వారాలా ఏడు రోజులా అని నాకు ఫోన్ చేసింది. కాబట్టి ఆ కాగితం అలవాటు ఆస్పత్రిది కాదు, ఆ మేడందే.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులు. మొదటి కాల్‌లో మేడం గంటదాకా మాట్లాడతారు, అందుకే వెనక అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతాయి, ఓపిక పట్టండి. బయాప్సీ రిపోర్టు హార్మోన్, హెర్-2 వివరాలతో సహా ముందే పంపండి, లేకపోతే ఆవిడ దారులేవీ చెప్పరు. పేషెంట్‌ని తప్పకుండా కాల్‌లో కూర్చోబెట్టండి, ఎలాగూ ఆవిడ పేషెంట్‌నే అడుగుతారు. అడ్మిషన్ రోజు ఫారాలు మధ్యాహ్నమే ఇమ్మని అడిగి తీసుకోండి. అంచనా బిల్లులో పీపీఈ, కన్స్యూమబుల్స్ (గ్లౌజుల్లాంటి వాడి పారేసే సామాన్లు) ఎంతో విడిగా రాయించుకోండి. పేరు, నంబరు కావాలంటే నన్ను విడిగా అడగండి, ఇస్తాను.